ఏ బిళ్ళ వేసినావు?

ముందు ప్లగ్గు పీకు, జిలాన్.
స్విచ్చి కాదు, ప్లగ్గు.
స్విచ్చి మాట తప్పుతుంది,
మొన్న మూడో షెడ్డులో తప్పింది.
వైరు కొస నీ కళ్ళెదుట
నేల మీద ఊరికే పడి ఉండాలి.
అది చూశాకే స్పానర్ పట్టు.

మెడ మీది గుండీ నొక్కి పట్టుకో.
నట్టు చెవుల్లో స్పానర్ కాళ్ళు దూర్చి తిప్పు.
రాకపోతే సుత్తి తీయకు.
నిన్నంతా తిరిగి తిరిగి బిగుసుకుంది,
దానికీ ఒక నిమిషం ఇవ్వాలి.

ఇప్పుడు బిళ్ళ.
పలచటిది కోతకి. దాన్ని వాల్చి రుద్దావో
అప్పడంలా విరిగి నీ మొహానికే వడ్డిస్తుంది.
మందపాటిది వెల్డింగు గడ్డలకి.
ఆకులాకులుగా పేర్చింది మెరుగుకి:
నలభై, అరవై, ఎనభై, నూటిరవై.
అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది,
వయసులాగే అనబోయి ఆగాను.
ఓబుళప్ప మేస్త్రీ విషయంలో అది నిజం కాదు.

మిషను నిమిషానికి పదకొండు వేలు తిరుగుతుంది.
బిళ్ళ ఓర్పు అంతకు మించి ఉండాలి, చదువుకో.
మధ్యలో ఇనప రింగు మీద
మందు సీసాకి ఉన్నట్టే నెలా, సంవత్సరం.
గడువు దాటితే, ఎంత కొత్తగా మెరిసినా పారెయ్యి.
నంజుండయ్య గారు చూసి "సాకు, సాకు" అంటారు.
కన్నడంలో అది 'ఇక చాలు'.
తొమ్మిదేళ్ళయినా నా చెవికి
'సాకులు చెప్పకు' అనే వినిపిస్తుంది.
ఏ అర్థంలో అన్నా సరే, పారెయ్యి.

ఆ నీలం డబ్బా ముట్టుకోకు. ఆగు.
అది స్టీలుకి మాత్రమే.

నేను కొత్తగా చేరిన ఏడు, పీణ్యా రెండో స్టేజిలో
ముసురు పట్టిన సాయంత్రం.
ఆసుపత్రి మంచాలకి స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీలు, పన్నెండు.
పొద్దున గేటు ఇనుము రుద్దిన బిళ్ళే మిషనుకి ఉంది.
సగం కూడా అరగలేదు.
మార్చడం దండగనిపించింది.
స్టీలు మీద పెట్టాను, అద్దంలా వచ్చింది.
కమ్మీలో నా మొహం, కళ్ళద్దాలూ, తలకు చుట్టిన తువ్వాలూ
అన్నీ కనిపించాయి.
ఇంకేం, లారీ ఎక్కించాం.

నలభై రోజులకి పన్నెండూ తిరిగొచ్చాయి.
రోగులు చెయ్యి ఆనించే చోటల్లా
ఎర్రటి చుక్కలు, తట్టు పోసినట్టు.
"స్టీలుకి కూడా తుప్పా అక్కా?" అని డ్రైవరు నవ్వాడు.

ఓబుళప్ప ఒక కమ్మీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.
బొటనవేలు తడి చేసి చుక్క మీద రాశాడు.
చాలాసేపటికి,
"ఏ బిళ్ళ వేసినావమ్మా?"
అంతే అన్నాడు.

ఇనుము రుద్దిన బిళ్ళ ఇనుమును మర్చిపోదట.
దాని పొడిని మోసుకెళ్ళి స్టీలులో విత్తుతుందట.
మొలవడానికి ఏ కాస్త తేమైనా చాలట,
అరచేతి చెమటైనా.

మూడు రాత్రులు మళ్ళీ రుద్దాను.
నాలుగో రోజు ఈ నీలం డబ్బా వచ్చింది,
తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి
'స్టీలు' అని వంకర అక్షరాలతో.

ఆయన రిటైరయ్యేటప్పుడు పీఎఫ్ ఆఫీసుకి నేనే తోడెళ్ళాను.
వేలిముద్ర పడలేదు.
కౌంటరులోని అమ్మాయి తుడిచి పెట్టమంది,
ఇంకో వేలు పెట్టమంది,
పదీ అయ్యాయి.
"ముప్పై ఏండ్లు నూటిరవై నంబరు పెట్టి రుద్దినాం పాపా,
ఇంగ గీతలెక్కడుంటాయి" అన్నాడు.
ఆ పిల్లకి అర్థం కాలేదు.
నేను బయటికొచ్చి నా వేళ్ళు వెలుతురుకి పెట్టి చూసుకున్నాను.

సరే, బిగించావా? చేత్తో ఒకసారి తిప్పి చూడు.
గార్డు నీవైపు. కళ్ళద్దాలు నుదుటి మీద కాదు, కళ్ళకి.
ఇప్పుడు ప్లగ్గు పెట్టు.
మొదటి నిమిషం దేనికీ తాకించకు,
ఊరికే తిరగనీ.
పగిలేదైతే చాలావరకు ఆ నిమిషంలోనే పగులుతుంది.
పక్కకి నిలబడి విను.
టీ బండి వచ్చినా కదలకు.